అన్ని పడవలూ వచ్చేశాయన్న సర్వర్

నేను రిటైరయ్యాక కూడా, కంప్యూటర్ సర్వర్లు చూసుకునే ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు బరంపురం లంజిపల్లిలో మా ఇంటికి వస్తుంటారు. ఏ కోర్సు చేస్తే మంచిది, ఏ సర్టిఫికెట్‌కి విలువ ఎక్కువ అని అడుగుతారు. కాఫీ ఇచ్చి, ఆ సంగతి నాకు తెలియదని చెబుతాను. నిజంగానే తెలియదు. నాకు తెలిసింది వేరే ఉంది. ఈ పనిలో ఎక్కడ భయపడాలో, ఎక్కడ భయపడనక్కర్లేదో తెలుసు. తెర మీద ఎర్రర్ వస్తే కొత్తవాళ్లకి చెమటలు పడతాయి. నాకెప్పుడూ పట్టలేదు. తప్పు జరిగిందని మెషినే నోరు విప్పి చెబుతోంది కదా, ఇంక భయమెందుకు? అంతా సవ్యంగా ఉందని అది చెప్పి, దాన్ని నమ్మి మనం టీకి వెళ్లిపోతామే, ఆ రోజంటేనే నాకు భయం. అలాంటి రోజు ఒకటి నా సర్వీసులో వచ్చింది. దాని గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అత్తయ్య మిక్సీ

మాది ఒడిశాలోని ఈ బరంపురంలో తాతల నాటి నుంచి ఉన్న తెలుగు వర్తకుల కుటుంబం. నాన్నది ఎండుమిర్చి, ధనియాల టోకు వ్యాపారం. నేను కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్నానంటే, చెడిపోయినవి బాగుచేసే పని అని ఇంట్లో అందరూ ఖాయం చేసుకున్నారు. మా పెద్ద మేనత్త వచ్చినప్పుడల్లా సంచిలో మిక్సీ పెట్టుకుని వచ్చేది.

“అంతేసి మెషిన్లు సూస్తావంట గదే పద్మా, ఈ మిక్సీ మోటారు సూడ్లేవేటి?” అనేది.

నాకు చేతకాదంటే నమ్మేది కాదు. పొగరనుకునేది.

నేను పనిచేసింది మత్స్యకారుల సహకార సమాఖ్య ఒకదానిలో. ఆఫీసు గోపాలపూర్ వెళ్లే రోడ్డు మీద ఉండేది. ఒకప్పుడు వలలు దాచిన గదినే సర్వర్ గది చేశారు. ఏసీ ఎంత తిప్పినా ఆ నీచువాసన వదల్లేదు. ఉప్పుగాలికి కేబుళ్ల చివర్లు చిలుము పట్టేవి. వాటిని తుడవడం కూడా నా పనే, ఎందుకంటే ఇంకెవరు ముట్టుకున్నా నాకు ఒళ్లు మండేది.

లినక్స్ అనే మూల సాఫ్ట్‌వేర్‌తో నడిచే సర్వర్‌ని చూసుకోవడమంటే ఏమిటో సూటిగా చెబుతాను. దాని లోపల వందల చిన్న చిన్న ప్రోగ్రాములు ఉంటాయి. ఏ దేశంలో ఎవరు రాశారో కూడా మనకి తెలియదు. వాటిలో ఎక్కడో కన్నం ఉందని ఒకరోజు తెలుస్తుంది. దాన్ని పూడ్చే అప్‌డేట్ వస్తుంది. అది వేయకపోతే ఆ కన్నంలోంచి దొంగలు దూరతారు. వేస్తే, నిన్నటిదాకా బంగారంలా నడిచింది ఇవాళ ఆగిపోవచ్చు. ఈ రెండింటి మధ్య నలిగిపోవడమే ఉద్యోగం. నడిచినన్నాళ్లూ మనం ఒకరం ఉన్నామని ఎవరికీ గుర్తుండదు. ఆగిన రోజు మాత్రం మన పేరు అటెండరు దగ్గర్నుంచి ఛైర్మన్ దాకా అందరికీ నోటికొచ్చేస్తుంది.

పడుకోని మెషిన్

నా మొదటి బాస్‌కి సర్వర్ ఏళ్ల తరబడి ఒక్కసారి కూడా రీస్టార్ట్ కాలేదని మహా గొప్ప. ఎవరొచ్చినా సర్వర్ గదికి తీసుకొచ్చి, “మన మెషిన్ పడుకోదండీ” అని చూపించేవాడు. నేను మధ్యలో ఒకసారి ఆపి లేపుదామంటే కళ్లెర్రజేశాడు. చివరికి ఒక వేసవి మధ్యాహ్నం కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీ చేతులెత్తేసింది, మెషిన్ పడుకుంది. కరెంటు వచ్చాక లేచింది గానీ, ఐసు టోకెన్లు ఇచ్చే ప్రోగ్రాం లేవలేదు. నాకంటే ముందు ఆ సీట్లో ఉన్నాయన దాన్ని చేత్తో మొదలుపెట్టి, ఎలా మొదలుపెట్టాడో ఎవరికీ చెప్పకుండా ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు. రేవు దగ్గర ఐసు లారీ ఎండలో కారిపోతోంది. చేపల బుట్టలతో ఆడవాళ్లు కౌంటర్ ముందు నిలబడి మా బాస్‌ని ఏడుతరాలకూ సరిపడా తిట్టారు. నాకు లోపల్లోపల కాస్త సంతోషంగానే ఉండింది, కాదనను.

అప్పటి నుంచి కొన్ని అలవాట్లు చేసుకున్నాను. మెషిన్‌ని నాకు నచ్చిన రోజున, పని తక్కువున్న పూట, నేనే ఆపి లేపేదాన్ని. బ్యాకప్ ఉందని ఎవరన్నా అంటే, దాన్ని వెనక్కి తెచ్చి చూశావా అని అడిగేదాన్ని. చూడకపోతే అది లేనట్టే లెక్క. అప్‌డేట్ మధ్యలో మెషిన్ ఆగి, నీ పాత సెట్టింగులు ఉంచనా, కొత్తవి పెట్టనా అని అడుగుతుంది. అక్కడ చదవకుండా ఎంటర్ కొట్టినవాళ్లని నా పక్కన కూర్చోనివ్వలేదు. పెద్ద మార్పు జరిగాక పాత మెషిన్‌ని వెంటనే పారేయనిచ్చేదాన్ని కాదు. అన్నిటికంటే ముఖ్యం, రెండు మార్పులు ఒకేసారి చేయకూడదు. ఏదైనా తేడా వస్తే ఏ మార్పు వల్ల వచ్చిందో తేలక తల పట్టుకోవాల్సి వస్తుంది.

వీటికోసం ఆఫీసులో నన్ను చాదస్తం మేడమ్ అనేవాళ్లు. నా వెనకాల అనుకుంటున్నామనుకునేవాళ్లు, నాకు వినిపించేది.

ఐసు పాకలో ఫోను

మా సర్వర్ మీద చాలా నడిచేవి గానీ, నిద్ర పట్టనివ్వనిది ఒక్కటే. పడవల లెక్క.

గంజాం తీరంలో చిన్న పడవలు వేకువనే వెళ్లి పొద్దెక్కాక తిరిగొస్తాయి. పడవ కదిలేటప్పుడు ఒడ్డున ఉన్నవాళ్లు మా నంబరుకి ఫోన్ చేసి ఆ పడవ నంబరు నొక్కాలి. వచ్చాక మళ్లీ చేసి నొక్కాలి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున మాత్రం సర్వరే ఎదురు ఫోన్లు చేస్తుంది. బయట ఉన్న ఒక్కొక్క పడవ కోసం, దాని పేరున నమోదైన ఫోనుకి పడవ నంబరు చెబుతూ ఒక్కొక్క కాల్ వెళుతుంది. పడవ వచ్చి ఉంటే ఒకటి నొక్కాలి, రాకపోతే రెండు. ఇంకా ఎన్ని పడవలు సముద్రంలో ఉన్నాయో ఆ లెక్క జిల్లా కంట్రోల్ రూముకి వెళుతుంది. దాన్ని బట్టే రక్షణ బోటు ఎటు వెళ్లాలో, అసలు వెళ్లాలో అక్కర్లేదో వాళ్లు నిర్ణయిస్తారు.

రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర, పొడంపేటలో నీలమ్మ అని ఒకావిడ ఉండేది. ఐసు, ఎండుచేపల వ్యాపారం. రోడ్డు పక్కన ఆమె ఐసు పాకలో మాత్రమే సిగ్నల్ నిలకడగా ఉండేది. మగవాళ్లు ఫోన్లు తడుస్తాయని సముద్రం మీదికి తీసుకెళ్లరు, సిమ్ములు మార్చేస్తుంటారు. అందుకని పడవ నమోదు చేయించుకున్నప్పుడు ఆ వీధి వాళ్లందరూ నీలమ్మ నంబరే ఇచ్చారు. ఎవరి పడవ వెళ్లినా, వచ్చినా, నొక్కేది ఆమే. అక్కడివాళ్లకి అందులో వింతేమీ లేదు. ఫోనంటే ఎప్పుడూ ఎత్తే మనిషి దగ్గర ఉండాలి, అంతే.

హెచ్చరిక రోజుల్లో పాపం ఆమె ఫోన్ ఊపిరాడనిచ్చేది కాదు. ఒకటి నొక్కి పెట్టేసేలోపు ఇంకో పడవ కోసం మళ్లీ మోగేది. ప్రతిసారీ నాకు ఫోన్ చేసి దులిపేసేది.

“ఎన్నిమాట్లు మోగిస్తావమ్మా? ఐసు కొట్టనా, నీ ఫోను ఎత్తనా? ఆ మెషిన్ని కొంచెం నోరు ముయ్యమని సెప్పు” అనేది.

“మీ ఈధిలో పడవలు తగ్గించుకో నీలమ్మా, అదే తగ్గుతాది” అనేదాన్ని నేను.

ఒకసారి వాళ్ల తమ్ముడు ఎర్రయ్యతో పీతలు పంపించింది. సిగ్గరి మనిషి, గుమ్మంలోనే బుట్ట పెట్టి, “అప్ప ఇమ్మంది” అని చెప్పి వెళ్లిపోయాడు. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది నీలమ్మే. పడవ కొనిపెట్టింది కూడా ఆమే.

హెయిగలా

నా సర్వీసు చివరి ఏళ్లలో మేనేజరుగా సాహు బాబు వచ్చారు. ఒడియా ఆయన, బరంపురంలో పెరగడం వల్ల తెలుగు బాగానే మాట్లాడేవారు. మంచి మనిషే. కానీ పై నుంచి ఫోన్ వస్తే కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడే రకం.

అప్పటికి మా సర్వర్‌లో ఉన్న లినక్స్ పాతబడిపోయింది. దానికి ఇంక అప్‌డేట్‌లు రావని ప్రకటించేశారు. మార్చక తప్పదు, అది నేనూ ఒప్పుకున్నాను. అదే సమయంలో పడవల లెక్క ప్రోగ్రాం చేసిన భువనేశ్వర్ కంపెనీ, దానికీ కొత్త వెర్షన్ వచ్చిందంది. రెండూ కలిపి కొత్త మెషిన్ మీద ఒకేసారి పెట్టేయాలని సాహు బాబు పట్టుబట్టారు.

“సార్, ముందు లినక్స్ మారుద్దాం. కొన్నాళ్లు నడవనిచ్చి, ప్రోగ్రాం తరవాత మారుద్దాం” అన్నాను.

“మేడమ్, రెండుసార్లు ఆపితే రెండుసార్లు నేను పైకి జవాబు చెప్పాలి. ఒకేసారి అయిపోతే ఒకటే తలనొప్పి” అన్నారు.

“తేడా వస్తే అది తలనొప్పితో పోదు సార్.”

“మీరున్నారు కదా” అని నవ్వారు. నాకు ఆ నవ్వు చూస్తే మండిపోయింది. రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టాను. అది ఆయన బల్ల మీదే ఉండిపోయింది.

పని జరిగింది. కంపెనీ ఇంజనీరు డేటాని కొత్త మెషిన్‌లోకి మార్చాడు, నేను లినక్స్ సంగతి చూసుకున్నాను. ఒక్క ఎర్రర్ రాలేదు. నమోదైన పడవల మొత్తం పాతదీ కొత్తదీ పోల్చి చూశాను, సరిపోయింది. రెండు మూడు నంబర్ల నుంచి ఫోన్ చేయించి చూశాను, పలికింది. సాహు బాబు, “హెయిగలా మేడమ్! అయిపోయిందా లేదా? ఊరికే బెదరగొట్టారు” అని అందరికీ రసగుల్లాలు తెప్పించారు. పాత మెషిన్‌ని పాత సామాన్లవాడికి ఇచ్చేయమన్నారు. ఇచ్చేస్తానని చెప్పి, దాని మీద ఒక గుడ్డ కప్పి బీరువా వెనక పెట్టాను.

గాలి మారిన రోజు

వాయుగుండం ఇంకా దూరంగా ఉందని, సాయంత్రానికి గాని గాలి పెరగదని ముందు రోజు చెప్పారు. ఆ ధీమాతో వేకువనే చాలామంది వెళ్లిపోయారు. పొద్దున్న నేను స్కూటర్ మీద ఆఫీసుకి వెళుతుంటే, రోడ్డు మీద నన్ను గాలి పక్కకి తోసేసింది. ఆఫీసులో అడుగు పెట్టేసరికి కొత్త హెచ్చరిక వచ్చేసింది, పడవలన్నీ వెంటనే తిరిగి రావాలని.

సర్వర్ ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. తెర మీద బయట ఉన్న పడవల సంఖ్య దిగుతోంది. సాహు బాబు నా కుర్చీ వెనకే నిలబడ్డారు. గాలి పెరిగేకొద్దీ ఒడ్డుకి చేరే పడవలు పెరుగుతాయి, సంఖ్య దిగడం మామూలే. కానీ ఆ రోజు చకచకా దిగింది. మధ్యాహ్నం భోజనాల వేళకల్లా సున్నా అయింది.

సాహు బాబు చేతులు జోడించి జగన్నాథుణ్ణి తలుచుకున్నారు. కంట్రోల్ రూముకి ఫోన్ చేసి, మా తీరంలో పడవలన్నీ క్షేమంగా వచ్చేశాయని చెప్పారు. గోపాలపూర్‌లో మా కోసం సిద్ధంగా ఉన్న రక్షణ బోటుని వాళ్లు ఇంకో చోటికి పంపించారు. వాళ్ల తప్పేమీ లేదు, మేం చెప్పిందే వాళ్లు చేశారు.

నేను క్యారేజీ విప్పాను. అన్నం కలుపుతున్నాను గానీ ఏదో వెలితిగా ఉంది. ఏమిటో తట్టడం లేదు. బయట కిటికీ రెక్క కొట్టుకుంటోంది. ఫోన్ వైపు చూశాను. అప్పుడు తట్టింది. హెచ్చరిక రోజు పొద్దున్నించీ నీలమ్మ నన్ను ఒక్కసారి కూడా తిట్టలేదు.

ఎంగిలి చేత్తోనే ఫోన్ చేశాను.

“నీలమ్మా, ఇయాళ నీకు మా మెషిన్ ఎన్ని ఫోన్లు చేసింది?”

“ఒక్కటేనమ్మా. బాగు సేయించీసినావేటి? హాయిగున్నాది.”

కలుపుతున్న అన్నం పక్కకి తోసేశాను.

“ఒకటే మోగిందా? మరి ఏటి నొక్కినావు?”

“దాసుగాడి పడవొచ్చీసింది గదా, ఒకటి నొక్కినాను.”

“మిగతా పడవలో?”

“మిగతావి ఇంకా రాలేదమ్మా. మా ఎర్రయ్యా రాలేదు. మళ్లీ ఫోనొస్తాది, అప్పుడు రెండు నొక్కుదామని ఇక్కడే కూకున్నాను. ఏటమ్మా? ఎందుకలగ అడుగుతున్నావు? రచ్చన బోటు ఎల్లింది గదా?”

ఫోన్ పెట్టేయకుండానే స్పీకర్ నొక్కి, సాహు బాబు ముందు పెట్టాను.

“నీలమ్మా, మీ ఈధిలో రానోళ్లు ఎవరెవరో మళ్లీ సెప్పు. గట్టిగా సెప్పు.”

ఆమె ఒక్కొక్క పేరూ చెబుతుంటే సాహు బాబు ముఖంలో రక్తం ఇంకిపోయింది. ఒడియాలో ఏదో గొణిగారు. తర్వాత తెలుగులో, “మేడమ్, నిశ్చయమేనా? ఇప్పుడే కదా అన్నీ వచ్చాయని చెప్పాను. మళ్లీ రాలేదని చెప్పి, అదీ తప్పయితే?” అన్నారు.

“తప్పయితే నా మీద తోసేయండి సార్. ముందు ఫోన్ చేయండి. దండం పెడతాను” అన్నాను.

ఆయన చేశారు. ఆ మాట నేను ఎక్కడైనా చెబుతాను. తను పొద్దున్నించీ కూడబెట్టుకున్న మంచిపేరంతా ఆ ఒక్క ఫోన్‌తో పోతుందని తెలిసి కూడా, నిలబడి, “నేనిచ్చిన సమాచారం తప్పు, బోటుని వెనక్కి పిలిపించండి” అని చెప్పారు. బోటు అప్పటికే చాలా దూరం వెళ్లింది. వెనక్కి తిప్పుతామన్నారు, ముందు ఎన్ని పడవలో, ఎవరివో, ఎటు వెళ్లాయో చెప్పమన్నారు.

అది నా పని.

బీరువా వెనకాల ఉన్నది

ఏం జరిగిందో లాగ్ చూస్తే అర్థమైంది. లాగ్ అంటే సర్వర్ తను చేసే ప్రతి చిన్న పనినీ వరసగా రాసుకుంటూ పోయే ఫైలు. పాత ప్రోగ్రాం పడవని పడవ నంబరుతో గుర్తుపట్టేది. కొత్తది ఫోన్ నంబరుతో గుర్తుపడుతుంది. ఒక మనిషికి ఒక ఫోన్, ఒక ఫోన్‌కి ఒక పడవ అని భువనేశ్వర్‌లో కూర్చున్నవాళ్లు అనుకున్నారు. ఒకే నంబరు పదిచోట్ల కనిపిస్తే, ఎవరో పొరపాటున పదిసార్లు నమోదు చేశారని దానంతటది కలిపేసింది. ఎర్రర్ కాదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. నేను పోల్చి చూసిన మొత్తం సంఖ్య ఈ కలపడం తగలని వేరే పట్టిక నుంచి వస్తోంది. అందుకే సరిపోయింది. దాసు పడవ వచ్చిందని నీలమ్మ నొక్కగానే, ఆ వీధి పడవలన్నీ ఒడ్డుకి చేరినట్టు ప్రోగ్రాం రాసేసుకుంది.

కంపెనీ ఇంజనీరుకి ఫోన్ చేస్తే, మా ఫిర్యాదుల పేజీలో టికెట్ పెట్టండి మేడమ్, రేపటికి సరిచేస్తాం అన్నాడు. ఏమన్నానో ఇక్కడ రాయను.

లాగ్‌లో ఒక మేలు ఉంది. ప్రోగ్రాం ఎలా కలిపేసినా, వేకువన నీలమ్మ నొక్కిన పడవ నంబర్లు మాత్రం నొక్కినవి నొక్కినట్టు అందులో ఉన్నాయి. గ్రెప్ అనే చిన్న కమాండ్‌తో తీరం మొత్తం మీద ఆ రోజు వెళ్లిన నంబర్లన్నీ ఏరాను. నొక్కి వచ్చామన్నవి తీసేశాను. మిగిలినవి పద్నాలుగు పడవలు. అందులో తొమ్మిది నీలమ్మ వీధివే. ఆ నంబర్లు సాహు బాబు గట్టిగా చదువుతూ కంట్రోల్ రూముకి చెప్పారు.

ఇక ఒడ్డుకి చేరేవాళ్ల లెక్క నిజంగా తెలియాలంటే పాత మెషిన్ లేవాలి. గుడ్డ తీసి, వైర్లు పెట్టి, బటన్ నొక్కాను. ఫ్యాను గీపెట్టింది. చాలాకాలం ఆగి ఉన్నందుకు డిస్కు తనిఖీ మొదలుపెట్టింది. మధ్యలో ఆపితే ఉన్నదీ పోతుంది. శాతం అంకెలు తాబేలులా పాకుతుంటే చేతులు కట్టుకుని చూస్తూ కూర్చున్నాను. బయట ఏదో రేకు ఎగిరిపడ్డ చప్పుడు. సాహు బాబు ఆగలేక, “కొంచెం తొందరగా చేయలేరా?” అన్నారు. నేను తల తిప్పి చూశాను, ఆయన వెనక్కి జరిగారు.

తనిఖీ అయ్యాక చూస్తే తేదీ తప్పు. లోపలి చిన్న బ్యాటరీ చచ్చిపోయి, ఏనాటిదో సంవత్సరం చూపిస్తోంది. తేదీ సరిచేశాను. పద్నాలుగు పడవలనీ బయట ఉన్నట్టు ఎక్కించాను. కొత్త మెషిన్‌ని ఆపి, టెలిఫోన్ లైన్ల కేబుల్ పీకి పాతదానికి పెట్టాను. మొదటి కాల్ వెళ్లింది. నీలమ్మ ఎత్తింది, రెండు నొక్కింది. రాలేదు. రెండో పడవకి వెళ్లింది. రెండు. మూడో దానికీ రెండు. ఆమె ఫోన్ ఆగకుండా మోగుతోంది, ఆమె ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

మిగిలిన ఒకటి

మూడు దాటాక సంఖ్య మొదటిసారి కదిలింది. పదమూడు. రక్షణ బోటు రెండు పడవల్ని కట్టి లాక్కొస్తోందని కంట్రోల్ రూమ్ చెప్పింది. పదకొండు. కొన్ని వాటంతటవే పడుతూ లేస్తూ మొగలోకి వచ్చాయి. ఎనిమిది. ఆరు. సంఖ్య దిగినప్పుడల్లా సాహు బాబు ఊపిరి వదలడం నాకు వినిపించేది. సాయంత్రం వెలుగు పోతుండగా రెండు అయింది, కాసేపటికి ఒకటి.

ఆ ఒకటి ఎర్రయ్య పడవ నంబరు.

సర్వర్ కాల్ చేసింది, ఎవరూ ఏదీ నొక్కలేదు. మళ్లీ చేసింది. ఎత్తారు, కానీ నొక్కలేదు. మూడోసారి కూడా అంతే. తర్వాత నా బల్ల మీద ఫోన్ మోగింది.

“అమ్మా” అంది నీలమ్మ. వెనకాల ఆడవాళ్ల ఏడుపులు, గాలి హోరు. “పడవొచ్చింది. ముగ్గురొచ్చినారు. మా ఎర్రయ్య రాలేదు. కెరటం కొట్టేసిందంట. పడవొస్తే ఒకటి, రాకపోతే రెండు అన్నావు గదా. ఇప్పుడేటి నొక్కమంటావు?”

ఇన్నేళ్ల ఉద్యోగంలో నన్ను అలాంటి ప్రశ్న ఎవరూ అడగలేదు. పాత ప్రోగ్రాం గానీ కొత్తది గానీ, ఎవరం రాసినా, ఎవరం మార్చినా, పడవ వచ్చిందా అనే అడిగాం. మనుషులు వచ్చారా అని ఎన్నడూ అడగలేదు. ఆమె ఒకటి నొక్కితే తెర మీద సున్నా పడుతుంది, రక్షణ బోటు గోపాలపూర్ వెళ్లిపోతుంది.

“ఏటీ నొక్కకు నీలమ్మా” అన్నాను.

సాహు బాబు వైపు చూశాను. పై నుంచి ఆయన సెల్లుకి ఫోన్ వస్తూనే ఉంది, చివరి లెక్క చెప్పమని. ఆయన దాన్ని బల్ల మీద బోర్లా పెట్టారు. “థాఉ మేడమ్. ఒకటి అలాగే ఉండనీండి” అన్నారు. కంట్రోల్ రూముకి తనే మాట్లాడి, ఒక మనిషి ఇంకా సముద్రంలో ఉన్నాడని చెప్పారు. బోటు పూర్తిగా చీకటి పడేదాకా వెతికింది.

మధ్యాహ్నం బోటు ఇంకో చోటికి వెళ్లకుండా ఉంటే ఎర్రయ్య బతికేవాడా అని నన్ను చాలామంది అడిగారు. నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పే హక్కు కూడా నాకు లేదు. కానీ ఆ గంటల్ని ఎవరు పోగొట్టారో నాకు తెలుసు. ఒక వీధి వీధంతా ఒకే మనిషి చేతిలో ఫోన్ పెట్టి సముద్రం మీదికి వెళుతుందని ఊహించని చదువు పోగొట్టింది. రెండు తలనొప్పుల్ని ఒకటి చేద్దామన్న తొందర పోగొట్టింది. మీరు ఈ ఉద్యోగంలోకి వస్తే ఇవి రెండూ మీ ఆఫీసులో కూడా ఉంటాయి. వాటితో పోట్లాడండి. చాదస్తం అంటారు, అననివ్వండి.

మర్నాడు పొద్దున్న గాలి తగ్గాక నీలమ్మ మళ్లీ ఫోన్ చేసింది. ఆమె గొంతులో ఏడుపు లేదు, ఏమీ లేదు.

“ఎర్రయ్య ఒచ్చినాడమ్మా. మొగ కాడ ఇసక మీదికి ఒచ్చినాడు. నాను సూసినాను” అంది. “ఇప్పుడు నొక్కీనా?” అని అడిగింది.

నొక్కమన్నాను.